అంబాసిడర్ వెనక యాక్సిల్‌కి మూడు లింకులు, ఒక పాన్‌హార్డ్ రాడ్

కమాన్ కట్టని, అంటే లీఫ్ స్ప్రింగుని, తీసిపారేసినట్టు మాట్లాడితే నేను ఒప్పుకోను. ఆ పట్టీల కట్ట ఒక్కటే వెనక యాక్సిల్‌కి కావాల్సిన పనులన్నీ చేస్తుంది. బండి బరువు మోస్తుంది. యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరక్కుండా పట్టుకుంటుంది. మలుపులో పక్కకి పోనివ్వదు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు హౌసింగ్, అంటే యాక్సిల్ బయటి గొట్టం, తన చుట్టూ తాను తిరిగిపోకుండా ఆపుతుంది. దాన్ని ఊడదీసి కాయిల్ స్ప్రింగ్ పెడితే, ఆ స్ప్రింగ్ బరువు మోసే పని ఒక్కటే తీసుకుంటుంది. మిగతా పనులన్నిటికీ మనం లింకులు వేయాలి. ఆ లింకులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలన్నదే ఈ పోస్టు.

బండి అంబాసిడర్, ఐసుజు 1800 పెట్రోల్ ఇంజిన్ ఉన్నది. పని విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయ్ షెడ్డులో జరుగుతోంది. బాబాయ్ జీవితమంతా లారీల కింద పనిచేశాడు. నేను ఇంజినీరింగ్ కాలేజీలో మెషీన్ల కైనమాటిక్స్ చెబుతాను. మట్టి ట్రాక్ మీద ఆటోక్రాస్ నడపాలన్నది మా తమ్ముడి కోరిక. ఒక మాట ముందే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇలా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అందుకని ఈ బండి రోడ్డెక్కదు. ట్రాలీ మీద వెళ్లి, ట్రాక్ మీద తిరిగి, మళ్లీ ట్రాలీ మీదే వస్తుంది. మీరు రోజూ నడిపే బండికి మాత్రం ఇది చేయకండి.

కొలతల కన్నా ముందు లెక్కపెట్టాల్సింది ఒకటుంది. గాలిలో వేలాడే ఏ వస్తువైనా ఆరు రకాలుగా కదలగలదు. మూడు దిక్కుల్లో జరగగలదు, మూడు అక్షాల చుట్టూ తిరగగలదు. వెనక యాక్సిల్‌కి మనం రెండే కదలికలు మిగల్చాలి: మొత్తంగా పైకీ కిందికీ పోవడం, ఒక చక్రం లేచి రెండోది దిగడం. మిగతా నాలుగూ ఆపాలి. రెండు కొసల్లో జాయింట్లున్న లింకు ఒకటి ఒక కదలికని ఆపుతుంది. కాబట్టి సరిగ్గా నాలుగు లింకులు కావాలి. మూడు చాలవు, అయిదు ఎక్కువ. మా క్లాసులో ఇలా కదలికలు లెక్కపెట్టే కుట్జ్‌బాక్ సూత్రం బోర్డు మీద రాసి వదిలేస్తాం కానీ, దాన్ని చేత్తో పట్టుకుని చూడాలంటే బండి కిందికి దూరడానికి మించిన చోటు లేదు.

ఈ లెక్కతో చూస్తే మన రోడ్ల మీద బండ్లు కొత్తగా కనిపిస్తాయి. ఇన్నోవా క్రిస్టా వెనక నాలుగు లింకులు, పక్కకి ఒక లేటరల్ రాడ్ ఉంటాయి. అంటే అయిదు. పాత సఫారీ వెనక కూడా అయిదు లింకులే. ఒకటి ఎక్కువైంది కదా, మరి ఎలా నడుస్తున్నాయి? రబ్బరు బుష్‌ల వల్ల. బండి ఒక పక్కకి ఒరిగినప్పుడు ఎడమ వైపు లింకుల జత హౌసింగ్‌ని ఒక వైపు తిప్పాలని చూస్తుంది, కుడి వైపు జత ఎదురు తిప్పాలని చూస్తుంది. ఆ పేచీని బుష్ రబ్బరు నలిగి సర్దుతుంది. మెత్తటి బుష్‌లతో కంపెనీ తయారుచేసిన బండిలో అది ఇబ్బంది కాదు. అదే జ్యామితిని తీసుకొచ్చి, బుష్‌లు పీకేసి, కొసలకి గట్టి రాడ్ ఎండ్‌లు (రబ్బరు లేని ఇనుప గోళపు జాయింట్లు) పెడితే హౌసింగ్ మొత్తం లావుపాటి యాంటీ రోల్ బార్, అంటే బండి ఒరగకుండా ఆపే కడ్డీ, అయిపోతుంది. వెనక చక్రాలు ఒకదాన్ని వదిలి ఒకటి కదలవు. ఎక్కడో ఒకచోట వెల్డింగ్ పగులుతుంది.

సరిగ్గా నాలుగు చేసే దారులు రెండున్నాయి. మొదటిది, పై లింకులు రెండింటినీ వాలుగా పెట్టి డిఫరెన్షియల్ మీద కలిసేట్టు చేయడం. అప్పుడు అవే పక్క బలాన్ని కూడా పట్టుకుంటాయి, బాడీ నుంచి యాక్సిల్‌కి అడ్డంగా వేసే పాన్‌హార్డ్ రాడ్ అక్కర్లేదు. 1979 నుంచి 1993 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌లో ఈ ఏర్పాటే. కానీ దీనిలో రోల్ సెంటర్, అంటే బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, పై లింకులు కలిసే చోటుకి ఎక్కి కూర్చుంటుంది. మా బండిలో అది నేలకి 450 మి.మీ. దరిదాపు అవుతుంది. ముందు వైపు రోల్ సెంటర్ నేలకి దగ్గరగా ఉన్నప్పుడు వెనక అంత ఎత్తు ఉంటే, మలుపులో బరువు మార్పిడి ఎక్కువ భాగం వెనక టైర్ల మీదే పడి తోక జారుతుంది. రెండోది, కింద రెండు లింకులు, పైన ఒకే ఒక్క లింకు, పక్క బలానికి ఒక పాన్‌హార్డ్ రాడ్. 2005 నుంచి 2014 వరకు మస్టాంగ్ దీనికి మారింది. రోల్ సెంటర్ ఎత్తుని రాడ్ ఎత్తుతో మనమే నిర్ణయించుకోవచ్చు. దేనితోనూ పేచీ ఉండదు. మేం దీన్నే పట్టుకున్నాం.

తర్వాత బరువు కేంద్రం ఎత్తు. ఇది తెలియకుండా యాంటీ స్క్వాట్ (లాగినప్పుడు బండి వెనక కూర్చోకుండా లింకులు ఎంత ఆపుతాయన్నది) శాతం మాట్లాడటం గాల్లో మేడలు కట్టడమే. పద్ధతి తేలిక. ముందు షాక్ అబ్జార్బర్ల స్థానంలోనూ వెనకా గట్టి ఇనుప ముక్కలు పెట్టి సస్పెన్షన్ కదలకుండా బిగించాలి. ముందు చక్రాలు తూకం మీద ఉంచి, వెనక చక్రాలని ఎత్తాలి. వెనక ఎత్తితే ముందు తూకం పెరుగుతుంది. ఎంత పెరిగిందన్నది బరువు కేంద్రం ఎంత ఎత్తున ఉందో చెబుతుంది. మా బండి మొత్తం 1100 కిలోలు, వీల్‌బేస్ 2464 మి.మీ., చక్రం మధ్య నేలకి 315 మి.మీ. వెనక 500 మి.మీ. ఎత్తితే ముందు 25 కిలోలు పెరిగింది. లెక్క కడితే చక్రం మధ్య నుంచి 270 మి.మీ. పైన, అంటే నేల నుంచి 585 మి.మీ. దగ్గర బరువు కేంద్రం ఉంది.

ఇందులో జాగ్రత్త ఏమిటంటే, తూకం 5 కిలోలు తప్పితే ఎత్తు 54 మి.మీ. తప్పుతుంది. 20 కిలోల మెట్లలో చూపించే లారీ వేబ్రిడ్జి దీనికి పనికిరాదు. ధాన్యం బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటాలు రెండు, ఒక్కో చక్రం కింద ఒకటి చొప్పున, అద్దెకి తెచ్చుకోవడం మేలు. ఎంత ఎక్కువ ఎత్తితే తప్పు అంత తగ్గుతుంది. కాకపోతే ఎత్తేటప్పుడు బండి కాటాల మీద నుంచి జారకుండా చూసుకోవాలి. బాబాయ్ ఆ పని నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఎవరికి ఫోన్ చేసి మూడు లింకులు వేస్తున్నానని చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే: "యాంటీ స్క్వాట్ ఎంత పెడుతున్నారు?" డ్రాగ్ రేసు బండ్ల వీడియోలు చూసి చూసి ఆ అంకె ఒక్కటే అందరి నోళ్లలో నానుతోంది. 75 హార్స్ పవర్ దరిదాపు ఉన్న బండికి, మట్టి మీద, ఆ ప్రశ్న రెండోది. మొదట అడగాల్సింది బండి ఒరిగినప్పుడు వెనక యాక్సిల్ ఎటు తిరుగుతుంది అని. దాన్ని రోల్ స్టీర్ అంటారు. నడిపేవాడు స్టీరింగ్ కదపకుండానే వెనక చక్రాలు తమంతట తాము ఎటో ఒకవైపు తిరుగుతాయి. అవి మలుపు లోపలి వైపు చూస్తే బండి నిలకడగా ఉంటుంది. బయటి వైపు చూస్తే తోక ముందుకి దూసుకొస్తుంది. సస్పెన్షన్ లెక్కలకి పునాది వేసిన మారిస్ ఓలీ, 1930లలో అమెరికాలో జనరల్ మోటార్స్‌లో ఉన్నప్పుడే దీని మీద చాలా పని చేశాడు. ఆ తర్వాత వచ్చిన వాళ్లమంతా ఆయన వేసిన బాటలోనే నడుస్తున్నాం.

మూడు లింకుల ఏర్పాటులో రోల్ స్టీర్‌ని దాదాపు పూర్తిగా కింది లింకుల వాలే నిర్ణయిస్తుంది. పక్క నుంచి చూడండి. లింకు ముందు కొస బాడీకి, వెనక కొస యాక్సిల్‌కి. ముందు కొస యాక్సిల్ కొస కన్నా పైన ఉందనుకోండి. మలుపులో బాడీతో పోలిస్తే బయటి చక్రం పైకి లేస్తుంది, లింకు అడ్డంగా సాపు అవుతూ యాక్సిల్‌ని వెనక్కి నెడుతుంది. లోపలి చక్రం దిగి ముందుకి వస్తుంది. యాక్సిల్ మలుపుకి బయటి వైపు చూస్తుంది. అదే చెడ్డ దిశ. ముందు కొస యాక్సిల్ కొస కన్నా కింద ఉంటే బయటి చక్రం ముందుకి వస్తుంది, యాక్సిల్ లోపలికి చూస్తుంది. మనకి కావాల్సింది ఇదే.

గొడవంతా యాంటీ స్క్వాట్ దీనికి సరిగ్గా ఎదురు కోరడంలో ఉంది. కింది లింకు గీతనీ పై లింకు గీతనీ ముందుకి పొడిగిస్తే అవి కలిసే చోటు ఇన్‌స్టంట్ సెంటర్. వెనక టైరు నేలని తాకే చోటు నుంచి ఆ బిందువు గుండా గీత గీసి, ముందు యాక్సిల్ దాకా పొడిగిస్తే, అక్కడ ఆ గీత ఎంత ఎత్తులో ఉందో చూడాలి. అది బరువు కేంద్రం ఎత్తుకి సమానమైతే 100 శాతం, సగమైతే 50. కింది లింకు ముందుకి పైకెక్కుతూ ఉంటే ఇన్‌స్టంట్ సెంటర్ హాయిగా, ఎత్తుగా, దూరంగా దొరుకుతుంది. కింది లింకు ముందుకి దిగుతూ ఉంటే ఆ ఎత్తు పోతుంది. దాన్ని రాబట్టాలంటే పై లింకుని ముందుకి బాగా కిందికి వాల్చాలి. అలా వాల్చితే ఇన్‌స్టంట్ సెంటర్ యాక్సిల్‌కి దగ్గరగా వచ్చేస్తుంది.

మా అంకెలు చెబుతాను, ఎవరికైనా పోల్చుకోడానికి పనికొస్తాయి. ఎత్తులన్నీ నేల నుంచి, డ్రైవర్ కూర్చుని, ట్యాంకు సగం నిండి ఉన్నప్పుడు. కింది లింకు యాక్సిల్ కొస 235, ముందు కొస 221, మధ్య దూరం 560. అంటే ముందుకి 14 మి.మీ. దిగుతుంది, రెండున్నర శాతం వాలు. పై లింకు యాక్సిల్ కొస 455, ముందు కొస 382, మధ్య దూరం 400. ఈ రెండు గీతలూ యాక్సిల్‌కి 1400 మి.మీ. ముందు, నేలకి 200 ఎత్తులో కలుస్తాయి. యాంటీ స్క్వాట్ 60 శాతం. కింది లింకు వాలు అలాగే ఉంచి 100 శాతం కావాలంటే పై లింకు 400 దూరంలో 108 మి.మీ. దిగాలి. ఇన్‌స్టంట్ సెంటర్ 900 మి.మీ. దగ్గరికి వచ్చి పడుతుంది. అంత పొట్టి స్వింగ్ ఆర్మ్ (యాక్సిల్ నుంచి ఇన్‌స్టంట్ సెంటర్ దాకా ఉన్న దూరం) ఉన్న బండిలో బ్రేకు తొక్కితే వెనక చక్రాలు నేల మీద టకటకా ఎగురుతాయి. ఎందుకంటే బ్రేకు వేసినప్పుడు అదే జ్యామితి యాక్సిల్‌ని ఎదురు దిశలో, పైకి బాడీ వైపు లాగుతుంది. ముందుకి లాగే బలం కోసం బ్రేకు వేసే ధైర్యాన్ని అమ్ముకోవడం నాకు నచ్చదు.

చాలామంది వదిలేసే విషయం ఇంకొకటుంది, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైంది అదే. ఈ వాలు ఒక అంకె కాదు. బండి ఎత్తు మారినప్పుడల్లా అదీ మారుతుంది. డిక్కీలో సామాను పెట్టినప్పుడు లింకు బాడీ కొస 50 మి.మీ. దిగిందనుకోండి. రెండున్నర శాతం వాలు పదకొండు దాటుతుంది. బండి ఇంకా నిలకడవుతుంది, మంచిదే. మలుపులోకి వస్తూ బ్రేకు తొక్కారనుకోండి. ముక్కు దిగి, వెనక లేస్తుంది. బాడీ కొస 40 మి.మీ. లేస్తే యాక్సిల్ కొస కన్నా 26 మి.మీ. పైకి పోతుంది. వాలు తిరగబడి, దాదాపు నాలుగున్నర శాతం చెడ్డ దిశలోకి వెళ్తుంది. అంటే డ్రైవర్‌కి వెనక భాగం మీద నమ్మకం అన్నిటికన్నా ఎక్కువ కావాల్సిన క్షణంలోనే యాక్సిల్ బయటికి తిరగడం మొదలెడుతుంది. నిలబెట్టిన బండికి తీసిన కొలత ఒక్కటే చూసి తృప్తిపడితే ఇది కనిపించదు. లింకు పొడుగ్గా ఉంటే ఈ మార్పు తగ్గుతుంది. 560 బదులు 800 అయితే అదే 40 మి.మీ.కి వాలు ఏడు శాతానికి బదులు అయిదు శాతమే మారుతుంది.

మరి 800 ఎందుకు పెట్టలేదంటే, అంబాసిడర్‌కి ఛాసిస్ లేదు. లారీకైతే రెండు పొడుగాటి మెంబర్లు ఉంటాయి, ఎక్కడ కావాలంటే అక్కడ బ్రాకెట్ బిగించుకోవచ్చు. ఇది మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన మోనోకాక్ బాడీ, రేకే దాని ఎముక. ఆ రేకులో వెనక యాక్సిల్ తోసే బలాన్ని తీసుకోడానికి కంపెనీ గట్టి చేసిన చోటు ఒకటే, కమాన్ ముందు పిన్ను హ్యాంగర్. బండి పుట్టినప్పటి నుంచి ముందుకి తోసే బలమంతా అక్కడే పడింది. దాన్ని వదిలి ఫ్లోర్ రేకు మీద కొత్త బ్రాకెట్ పెడితే ఏడాది తిరగకుండా రేకు చిరుగుతుంది. అందుకే నా స్కెచ్‌లో మొదటి చుక్క అక్కడ పడింది, మిగతావన్నీ దాన్ని బట్టి కదిలాయి. ఆ హ్యాంగర్ మాకు కావాల్సిన ఎత్తు కన్నా పైన ఉంది కాబట్టి, దాన్ని రెండు వైపుల నుంచీ 5 మి.మీ. ప్లేటుతో కప్పి, కిందికి దించి, దించిన కొస మెలిపడకుండా తలుపు కింది సిల్ దాకా ఒక ఏటవాలు దన్ను ఇచ్చాం.

పొడవు మన చేతిలో లేదు కాబట్టి సర్దుబాటు మిగిలింది. యాక్సిల్ వైపు బ్రాకెట్‌లో 20 మి.మీ. తేడాతో పైకీ కిందికీ మూడు రంధ్రాలు పెట్టాం. మధ్య రంధ్రం పైన చెప్పిన 235. పై రంధ్రం 255, అక్కడ వాలు ఆరు శాతానికి పెరుగుతుంది, యాంటీ స్క్వాట్ 40కి పడిపోతుంది. కింది రంధ్రం 215, అక్కడ వాలు ఒక శాతం చెడ్డ దిశలోకి పోతుంది, యాంటీ స్క్వాట్ 77కి ఎక్కుతుంది. ఒక్క బోల్టు మార్చి మూడు రకాల బండ్లు నడిపి చూడొచ్చు. మా విద్యార్థులెవరైనా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అడిగితే ఇదే ఇస్తాను, కంప్యూటర్‌లో గీసిన గ్రాఫ్ నేల మీద ఎలా తెలుస్తుందో చేతులతో అర్థమవుతుంది.

పై లింకుకీ కింది లింకుకీ యాక్సిల్ దగ్గర నిలువు దూరం 220 ఉంచాం. అది ఇంత ఎందుకో కూడా చెప్పాలి. టైర్లు నేలని తోసే బలం 400 కిలోలనుకోండి, అది నేల మట్టంలో పనిచేస్తుంది. కింది పిన్ను 235 ఎత్తులో ఉంది కాబట్టి హౌసింగ్‌ని తిప్పాలని చూస్తుంది. దాన్ని ఆపేది పై లింకు ఒక్కటే. 400ని 235తో గుణించి 220తో భాగిస్తే 427 కిలోల లాగుడు. ఆ నిలువు దూరాన్ని సగం చేస్తే లాగుడు రెట్టింపు. గుంతలో పడి చక్రం గాల్లోంచి నేలకి తగిలినప్పుడు ఇది ఎన్నో రెట్లు అవుతుంది. అందుకని నాలుగు రెట్లు తీసుకునే బోల్టులూ ట్యూబులూ ఎంచుకున్నాం. మూడు లింకుల ఏర్పాటులో ఉన్న ఒకే ఒక్క బలహీనత ఇదే. పైది ఒక్కటే, అది విరిగితే హౌసింగ్ తిరిగి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని విరిచేస్తుంది. వెనక సీటు కింద రెండు పక్కల రెయిల్స్‌ని కలుపుతూ సీమ్‌లెస్ ట్యూబు అడ్డంగా వేసి, పై లింకు ముందు కొసని దానికి ఎక్కించాం. బోల్టు డబుల్ షియర్‌లో ఉండాలి, అంటే లింకు కొసకి రెండు వైపులా ప్లేటు ఉండాలి. ఒక వైపు ప్లేటుతో వేలాడదీసిన బోల్టు ఏ షెడ్డులో కనిపించినా నాకు టెన్షన్ వస్తుంది.

ఆ పై లింకుని డిఫరెన్షియల్‌కి కాస్త కుడి పక్కన పెట్టాం. ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పుడు వల్ల గట్టిగా లాగినప్పుడు కుడి వెనక చక్రం తేలికవుతుంది. పై లింకు ముందుకి వాలి ఉంది కాబట్టి లాగుడులో హౌసింగ్‌ని కొంత కిందికి కూడా నొక్కుతుంది. ఆ నొక్కుడు కుడి వైపు పడితే తేలికైన చక్రానికి కాస్త బరువు దొరుకుతుంది.

బాబాయ్‌కి ఇదంతా నేను కాగితం మీద చెప్పబోతే, చేతిలోంచి పెన్సిల్ తీసుకుని పక్కన నిలబెట్టిన పది టైర్ల లారీ వైపు చూపించాడు. "అమ్మా, నువ్వు చెప్పేవి టార్క్ రాడ్లే కదా" అన్నాడు. నిజమే. వెనక రెండు యాక్సిళ్లున్న లారీలో కమాన్ కట్ట బరువు మాత్రం మోస్తుంది. యాక్సిళ్లు తిరగకుండా, జరక్కుండా ఆపేవి టార్క్ రాడ్లు. ఆయన ఎన్నిటికి బుష్‌లు మార్చి ఉంటాడో లెక్కే లేదు. ఏ కొస ముందు అరుగుతుంది, ఏ బోల్టు ముందు వదులవుతుంది, బ్రాకెట్ ఏ మూల పగులుతుంది అన్నది ఆయనకి చేతులకి తెలుసు. మా కొసల ఎంపిక మొత్తం ఆయనదే. రాడ్ ఎండ్ అయితే దుమ్ము పట్టి నెలల్లో టక్కుటక్కుమంటుందని, బాడీ వైపు కొసలన్నిటికీ రబ్బరు, ఇనుము కలిసిన బుష్‌లే పెట్టించాడు. యాక్సిల్ వైపు మాత్రం గోళాకారపు జాయింట్లు, రబ్బరు తొడుగుతో. లింకులు కచ్చితంగా నాలుగే కాబట్టి ఇక్కడ రబ్బరు ఎవరి పేచీనీ తీర్చక్కర్లేదు, అదురు మింగితే చాలు.

పక్క బలానికి వాట్ లింకేజీ పెట్టాలని నాకు చాలా ఆశ ఉండేది. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రం పిస్టన్ రాడ్‌ని నిటారుగా నడపడానికి 1784లో పేటెంట్ తీసుకున్న ఆ అమరికని మేం ఏటా స్ట్రెయిట్ లైన్ మెకానిజం అని బోర్డు మీద గీస్తాం. అదే అమరిక 1998 నుంచి ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా వెనక యాక్సిల్‌ని మధ్యలో నిలబెట్టిందని చెబితే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. అది యాక్సిల్‌ని పక్కకి దాదాపు జరగనివ్వదు, ఎడమ మలుపుకీ కుడి మలుపుకీ తేడా ఉండదు. కానీ అంబాసిడర్‌లో యాక్సిల్ వెనక పెట్రోల్ ట్యాంకు ఉంది. ఆ అమరిక మధ్యలో ఉండే బెల్ క్రాంక్ (రెండు రాడ్లని కలిపే తిరిగే చెయ్యి) తిరగడానికి చోటు లేదు. పాన్‌హార్డ్ రాడ్‌తోనే సరిపెట్టాం. రాడ్ 1000 మి.మీ. పొడవు, మామూలు ఎత్తులో అడ్డంగా సాపుగా ఉంటే 50 మి.మీ. కదలికకి యాక్సిల్ పక్కకి జరిగేది ఒకటింపావు మి.మీ. మాత్రమే. అదే 600 పొడవైతే రెండు దాటుతుంది. కాబట్టి ఎంత పొడుగు పడితే అంత మంచిది, సాపుగా ఉండటం ఇంకా ముఖ్యం. ఎత్తు 300 దగ్గర ఉంచాం, అదే వెనక రోల్ సెంటర్.

స్ప్రింగుల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, అది వేరే పోస్టు. ఒక్కటి మాత్రం. రెండు స్ప్రింగుల మధ్య దూరం 900, చక్రాల మధ్య దూరం 1350 దరిదాపు. ఒరగకుండా ఆపే బలం ఈ నిష్పత్తి వర్గంతో తగ్గుతుంది కాబట్టి చక్రాల దగ్గరే స్ప్రింగులు ఉంటే వచ్చే దానిలో 44 శాతమే వస్తుంది. స్ప్రింగులని ఎంత బయటికి నెడితే అంత లాభం. మాకు టైరు అడ్డమొచ్చింది.

లింకులు కోసే ముందు ప్లైవుడ్ ముక్కలతో నమూనా చేసి, అన్ని బిందువులూ గోడ మీద నిజమైన సైజులో గీసి, తాపీ మేస్త్రీలు గోడ నిటారు చూసే గుండు దారంతో నేలకి దించాం. సాఫ్ట్‌వేర్ నాకు వచ్చు, లెక్కలన్నీ దాంట్లో కూడా వేశాను. అయినా వెల్డర్‌కి కంప్యూటర్ స్క్రీన్ మీద అంకె కన్నా గోడ మీద గీత ఎక్కువ చెబుతుంది. బ్రాకెట్లకి టాక్ వెల్డ్, అంటే చుక్కలు చుక్కలుగా తాత్కాలిక వెల్డింగ్, మాత్రం వేసి, స్ప్రింగులు తీసేసి, జాకీతో యాక్సిల్‌ని మొత్తం కదలిక తిప్పి చూశాం. మొదట రెండు చక్రాలూ కలిపి, తర్వాత ఒకటి పైకీ ఒకటి కిందికీ. 60 మి.మీ. లేచిన వైపు యాక్సిల్ 4.7 మి.మీ. ముందుకి వచ్చింది. 60 దిగిన వైపు కూడా 1.7 ముందుకే వచ్చింది. తేడా మూడు మి.మీ. కింది లింకులు మీటరు దూరంలో ఉన్నాయి కాబట్టి 0.17 డిగ్రీలు, మలుపు లోపలి వైపు. కాగితం చెప్పిందే దారం చెప్పింది. ఎక్కడా బిగుసుకోలేదు, చేత్తో తోస్తే చక్రం కదిలింది. 50 మి.మీ. లేస్తే పినియన్ ముక్కు (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసే డిఫరెన్షియల్ కొస) రెండు డిగ్రీలు వాలుతోంది. యూనివర్సల్ జాయింట్‌కి అది భారం కాదు. ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్.

ప్రస్తుతం బోల్టు పై రంధ్రంలో ఉంది, 40 శాతం యాంటీ స్క్వాట్‌తో. తడి మట్టి మీద రెండో గేరులో లాగితే వెనక కాస్త కూర్చుంటుంది, టైర్లు మాత్రం నేలని వదలడం లేదు. బ్రేకు మీద మలుపులోకి తిప్పినప్పుడు తోక నిలకడగానే ఉంది. మధ్య రంధ్రానికి మార్చి అదే ట్రాక్ మీద పోల్చి చూడాలి. దానికి ముందు వెనక బాడీ ఎంత లేస్తోందో తెలియడానికి షాక్ రాడ్ల మీద రబ్బరు రింగులు తొడిగి, బ్రేకు మీద కదలిక ఎంతో కొలవాలి. 40 అని నేను అనుకున్నది నిజంగా 40 అయితే మధ్య రంధ్రం చాలు. 50 దాటితే బోల్టు ఉన్నచోటే ఉంటుంది.